ముగ్గుర్ని అడిగే దిగుడు బావి: పూడిక తీయబోయే కుర్రాళ్లకు

కనిగిరి వైపు మీ ఊరి పొలిమేరలో పాడుబడిన దిగుడు బావి ఉందని, సంక్రాంతికి ఊరికొచ్చే కుర్రాళ్లంతా కలిసి దాని పూడిక తీద్దామంటే పెద్దవాళ్లు అడ్డం పడుతున్నారని రాశారు. వాళ్లు చెప్పే కారణాలు నాలుగు. అందులో ఒక నిండు చూలాలు పడి చనిపోయింది. మిట్టమధ్యాహ్నం అది మనుషుల్ని పిలుస్తుంది. అమావాస్య రాత్రి నీళ్ల మీద దీపం కదులుతుంది. బలి కోరిందంటే ఒకరితో ఆగదు, ముగ్గుర్ని అడుగుతుంది. "అటు పోబాకండి, తొంగి చూడబాకండి" అంటున్నారు. ఢిల్లీలోని అగ్రసేన్ దిగుడు బావి దెయ్యం కథలాగే ఇదీ కట్టుకథేనా, పట్టించుకోకుండా పని మొదలుపెట్టొచ్చా అన్నది మీ ప్రశ్న.

దెయ్యం ఉందా లేదా అనే వాదన మీకూ పెద్దలకూ మధ్య ఎప్పటికీ తెగదు, తెగాల్సిన అవసరమూ లేదు. మీరు రాసిన నాలుగింటిలో ప్రతి ఒక్కటీ ఆ బావిలో ఉండగల ఒక ప్రమాదాన్ని పట్టి చెబుతోంది. ముందు దాన్ని అర్థం చేసుకుని, తర్వాత దిగండి. సంక్రాంతికి మాత్రం వద్దు. ఎందుకో కింద చెబుతాను.

ముగ్గుర్ని అడుగుతుందన్న మాటతో మొదలుపెడతాను, ఎందుకంటే ప్రాణాలు తీసేది ఇదే. పాత బావుల్లో చావులు చాలావరకు ఒకే తీరుగా జరుగుతాయి. ఒకడు పడిపోయిన చేద తీయడానికో, మోటారు చూడటానికో దిగుతాడు. అడుగుకు చేరగానే మాటా పలుకూ లేకుండా కూలిపోతాడు. కాలు జారిందనుకుని అన్నో తమ్ముడో గబగబా దిగుతాడు. అతనూ లేవడు. ఇద్దర్నీ తీద్దామని మూడోవాడు దిగుతాడు. గట్టు మీద ఉన్నవాళ్లకు గాయం కనపడదు, కేక వినపడదు. లోపలికి పోయినవాడు తిరిగి రాడు, అంతే. అలా చూసినవాళ్లు అది బలి తీసుకుందని కాక ఇంకేమని చెప్పుకుంటారు? మీ ఊళ్లో ముగ్గురనే లెక్క ఉందంటే, ఎప్పుడో ఒకప్పుడు ఇదే జరిగి ఉండొచ్చని అనుకుని జాగ్రత్తపడటమే తెలివైన పని.

కారణం ఇది. వాడకం లేని బావిలో ఆకు, కొమ్మ, చచ్చిన జీవాలు కుళ్లుతాయి. ఆ కుళ్లు లోపలి ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ డయాక్సైడ్‌ను వదులుతుంది. అది మామూలు గాలి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. కదిలించేది లేకపోతే కుండలో నీళ్లలా అడుగున నిలిచిపోతుంది. పాతర తెరిచిన వెంటనే దిగకూడదని మన రైతులకు తరతరాలుగా తెలుసు, ఇదీ అదే సంగతి. దిగుడు బావికి మెట్ల వైపు తెరిచి ఉంటుంది కదా, గాలి ఆడదా అనిపిస్తుంది. మెట్లు ఉన్నంతవరకూ కొంత ఆడుతుంది. మెట్లు అయిపోయాక చివరన ఉండే లోతు గొయ్యిలో మాత్రం ఆడదు.

రెండో శత్రువు బురదలో ఉంటుంది. కదిలించనంత వరకు అది లోపలే పడి ఉంటుంది. పార పడగానే కుళ్లిన కోడిగుడ్డు వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ పైకొస్తుంది. దీని విషయంలో జనం చేసే పొరపాటు ఒకటుంది. మొదట వాసన వచ్చింది, కాసేపటికి పోయింది, ఇక ఫర్వాలేదనుకుంటారు. నిజానికి పది లక్షల వంతుల్లో 100 వంతులకు చేరేసరికి ముక్కే పనిచేయడం మానేస్తుంది. వాసన పోవడం ప్రమాదం పెరిగిందనడానికి గుర్తు కూడా కావచ్చు. 500 దాటితే నిమిషాల్లో మనిషి కూలిపోతాడు, ఇంకా పెరిగితే రెండు మూడు ఊపిర్లు చాలు.

బావిలోకి లాంతరు దించి చూసే పద్ధతి మీ పెద్దలకు తెలిసే ఉంటుంది. అది మంచిదే, సగమే చెబుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం. దీపం ఆరిపోయేది సుమారు 16, 17 శాతం దగ్గర. మనిషి 19.5 శాతానికి తక్కువ ఉన్నచోట దిగకూడదు. అంటే దీపం చక్కగా వెలుగుతూనే ఉండగా మనిషికి పనికిరాని గాలి అక్కడ ఉండొచ్చు. హైడ్రోజన్ సల్ఫైడ్‌ను దీపం అసలు పట్టించదు. బురదలోంచి మీథేన్ వస్తుంటే, అది గాలిలో 5 నుంచి 15 శాతం మధ్య ఉన్నప్పుడు ఆ దీపమే నిప్పంటించి పేలుస్తుంది. కాబట్టి దీపం ఆరితే ఎవరూ దిగరాదన్నది ఖాయం. ఆరకపోతే దిగొచ్చని మాత్రం కాదు.

నాలుగు వాయువుల మీటరు అద్దెకు తెప్పించండి. మురుగునీటి పనుల కాంట్రాక్టర్ల దగ్గర, పరిశ్రమల భద్రతా సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతుంది. అది ఆక్సిజన్, మండే వాయువులు, కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్ కొలుస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌ను చాలా మీటర్లు కొలవవు, అది విడిగా ఉన్నది అడిగి తీసుకోండి. బయటినుంచి చేరిన కార్బన్ డయాక్సైడ్ 5 శాతమైనా ఆక్సిజన్ అంకె 20.9 నుంచి సుమారు 19.9కి మాత్రమే తగ్గుతుంది. ఆ అంకె చూసి బాగుందనుకుంటే తల తిరిగి పడతారు. మీటరును తాడుకు కట్టి పైన, నడుమ, నీటి మట్టానికి జానెడు ఎత్తున మూడుచోట్లా ఆపండి. ప్రతిచోటా రెండు మూడు నిమిషాలు నిలపాలి, సెన్సర్‌కు ఆ మాత్రం వ్యవధి కావాలి. దిగిన మనిషి ఒంటి మీద కూడా అది ఉండాలి, ఎందుకంటే పొద్దున బాగున్న గాలి బురద కదిపాక మారిపోతుంది.

గాలి మార్చడానికి పాతవాళ్లు వేపమండల మోపు కట్టి పైకీ కిందికీ ఆడించేవాళ్లు, నీళ్లు ఎత్తునుంచి కుమ్మరించేవాళ్లు. రెండూ అడుగు గాలిని కదిలిస్తాయి, పనికొచ్చేవే, చాలవు. బ్లోయరుకు గొట్టం తగిలించి, దాని మూతి అడుగుకు రెండు మూడు అడుగుల ఎత్తు దాకా దించి కనీసం అరగంట ఊదండి. మనుషులు లోపల ఉన్నంతసేపూ ఆపొద్దు. గొట్టం లేకుండా తూర్పారబట్టే ఫ్యాను గట్టు మీద పెడితే పైగాలి పైనే తిరుగుతుంది. ఆక్సిజన్ సిలిండరు తెచ్చి లోపలికి వదలబాకండి. ఆక్సిజన్ ఎక్కువైన చోట బట్ట, తాడు, జుట్టు నిప్పురవ్వ తగిలితే చాలు భగ్గుమంటాయి. మూతికి తడిగుడ్డ, మాస్కు కట్టుకోవడం దుమ్ముకు పనికొస్తుంది. లేని ఆక్సిజన్‌ను అవి తెచ్చివ్వలేవు.

దిగే మనిషికి నడుముకు మోకు కడితే సరిపోదు. స్పృహ తప్పిన మనిషి నడుము దగ్గర రెండుగా మడిచిపోతాడు, మోకు చంకల్లోంచి జారిపోతుంది. భుజాలకూ తొడలకూ పట్టీలున్న బెల్టు కావాలి. బావి మీద మూడు కాళ్ల స్టాండు, దానికి చేతితో తిప్పే గిలక ఉండాలి. ఇవన్నీ దేనికంటే, అతను పడిపోతే ఇంకెవరూ దిగకుండా పైనుంచే లాగెయ్యడానికి. పైన ఇద్దరు కదలకుండా ఉండాలి, ప్రతి నిమిషానికీ పలకరించాలి. జవాబు రాకపోతే లాగడమే, "ఏమైందిరా" అని ఆలోచిస్తూ కూర్చునేది లేదు. ఇంత ఏర్పాటు చేయలేకపోతే మనిషిని దించే ఆలోచన మానుకుని, పై మెట్ల వరకే శుభ్రం చేయండి. పడిపోయిన చేదలూ బిందెలూ తీయడానికి పాతాళ గరిగె ఉంది, మనిషి అక్కర్లేదు. ఎవరైనా కూలిపోయి, పైనుంచి లాగే వీలు లేకపోతే 101కి ఫోన్ చేసి, గొట్టంతో గాలి ఊదుతూ, రెండో మనిషిని గట్టు మీద పట్టి ఆపండి. ఆ రెండోవాణ్ని ఆపడమే అన్నిటికన్నా కష్టం. అతను రక్తసంబంధీకుడై ఉంటాడు. ఎవరు ఎవర్ని పట్టుకోవాలో పని మొదలు కాకముందే తేల్చుకోండి.

ఇప్పుడు సంక్రాంతి సంగతి. మన నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. జనవరిలో బావి నిండుగా ఉంటుంది, గోడల వెనక మట్టి నాని బరువెక్కి ఉంటుంది. అప్పుడు నీళ్లు తోడితే గోడ లోపలికి తోసుకొస్తుంది. నీళ్లు అడుగంటే మే నెలలో చేద్దామా అంటే అదింకా ప్రమాదం. బావి లోపలి గాలి ఏడాది పొడుగునా దాదాపు ఒకే వెచ్చదనంలో ఉంటుంది. ఎండాకాలం బయటిగాలి దానికంటే వేడిగా, తేలిగ్గా ఉంటుంది కాబట్టి లోపలికి దిగదు, అడుగుగాలి అలాగే నిలిచిపోతుంది. చలి ఉదయాల్లో బయటిగాలి లోపలి దానికంటే బరువు. అది తనంతట తాను బావిలోకి దిగి పాత గాలిని పైకి నెడుతుంది. నీళ్లు కొంత తగ్గి, ఉదయం చల్లదనం ఇంకా మిగిలి ఉండేది ఫిబ్రవరి చివరి నుంచి మార్చి నడుమ దాకా. ఉదయం ఆరు నుంచి తొమ్మిదిన్నర లోపు లోపలి పని ముగించండి. మీటరూ బ్లోయరూ అప్పుడూ ఉండాల్సిందే.

వాయుగుండం పట్టిన రోజుల్లో అసలే వద్దు. బయట గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు నేలలో ఇరుక్కున్న వాయువు బావిలోకి ఊరుతుంది. తుపాను ముందు బావి మూలుగుతుందని చెప్పే కథలు ఎక్కడైనా వింటే తీసిపారేయకండి. రాళ్ల సందుల్లోంచి గాలి బయటికి తన్నుకొచ్చేటప్పుడు చప్పుడు చేస్తుంది.

నీళ్లు తోడే దగ్గర ఇంకో చావు కాచుకుని ఉంటుంది. గట్టు మీద పెట్టిన ఇంజను నీటిని పీల్చగలిగేది ఏడెనిమిది మీటర్ల లోతు నుంచే. లెక్కకు 10.3 మీటర్లు, ఆచరణలో అంత రాదు. నీరు అంతకంటే దిగితే జనం డీజిల్ ఇంజనునే మెట్ల మీదికి దించుతారు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, గంట తిరగకముందే పక్కనున్నవాణ్ని పడేస్తుంది. ఇంజను ఎప్పుడూ గట్టు మీదే, గాలి వాలుకు అవతలే ఉండాలి. లోతు ఎక్కువైతే నీటిలో మునిగే కరెంటు మోటారు వాడండి. దానికి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే బ్రేకరు పెట్టండి. మోటారు ఆన్‌లో ఉన్నంతసేపూ నీళ్లలో ఒక్క కాలు కూడా ఉండకూడదు. రోజుకు అడుగు, మహా అయితే అడుగున్నర నీటిమట్టం తగ్గించి ఆపండి. గోడ పైనుంచి తూకం గుండు వేలాడదీసి, తాడుకూ గోడకూ మధ్య దూరం మూడుచోట్ల రాసుకోండి. మర్నాడు అది బొటనవేలు మందం మారినా తోడకం ఆపేసి ఇంజనీరును పిలవండి.

మిట్టమధ్యాహ్నం పిలుపు గురించి. ముప్పై అడుగుల బావిలోకి మాట్లాడితే మీ గొంతు సెకనులో ఇరవయ్యో వంతులో తిరిగొస్తుంది. అంత తొందరగా వచ్చిన ధ్వని విడిగా వినపడదు. మీ మాటకు ఇంకో గొంతు తోడైనట్టు మందంగా ఉంటుంది. యాభై ఆరు అడుగులు దాటితే విడి ప్రతిధ్వని అవుతుంది, అప్పుడు పేరు పెట్టి పిలిస్తే పేరు పెట్టే పిలుస్తుంది. మెట్ల దారి సన్నగా ఉండి చివర గుండ్రటి గొయ్యి ఉంటే, పైనుంచి గాలి వీచినప్పుడు లోపలి గాలంతా ఒక్క స్వరంలో మోగుతుంది. మధ్యాహ్నమే ఎందుకంటే, మన అక్షాంశంలో ఏప్రిల్ చివర, మే మొదట్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. నెల్లూరులో ఏప్రిల్ 29 అటూఇటూ, ఒంగోలు వైపు మూణ్ణాలుగు రోజుల తర్వాత. ఆగస్టు రెండో వారంలో మళ్లీ. ఆ కొద్ది రోజులూ పన్నెండు దాటిన కొన్ని నిమిషాలకు వెలుగు నిలువుగా అడుగుదాకా పడుతుంది. ఏడాదంతా నల్లగా ఉండే నీరు ఒక్కసారి మెరిసి, దగ్గరికి వచ్చినట్టు కనిపిస్తుంది. వంగి చూసేవాడికి తల తిరుగుతుంది. ఆ వేళకు పొలాల్లో మనుషులుండరు, పడితే తీసే నాథుడుండడు. పిల్లల్ని ఆ వేళకు బావి దగ్గరికి పోనివ్వకపోవడం నూటికి నూరుపాళ్లు సరైన నియమం.

నీళ్ల మీద దీపానికి మన ఊళ్లలో కొరివిదెయ్యమని పేరుంది. బురదనేలల్లో కనిపించే ఇలాంటి వెలుగులను కుళ్లు వాయువులతో ముడిపెట్టి చెబుతారు. మీ బావిలో అది మిణుగురులు కావచ్చు, పిల్లి కళ్ల మెరుపు కావచ్చు, రాత్రిపూట పీతలకో కప్పలకో వచ్చినవాళ్ల టార్చి నీడ కావచ్చు. నిజంగా నీటిలోంచి బుడగలు వస్తున్నాయేమో పగటిపూట గట్టు మీద కూర్చుని చూడండి. వస్తుంటే అక్కడ మీథేన్ ఉన్నట్టే లెక్క. అగ్గిపుల్ల, బీడీ, కర్పూరం ఏదీ దగ్గరికి పోకూడదు. రాత్రి కీచుమనే అరుపు వినపడుతుందంటే మెట్ల గూళ్లలో చావుపిట్ట కాపురముందేమో చూడండి. ఆ గుడ్లగూబ అరుపు తెలియనివాళ్లకు ఆడమనిషి కేకలాగే ఉంటుంది. దాని గూటిలో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆ గూడు ముట్టుకోకండి.

చూలాలి కథ దగ్గర కాస్త నెమ్మదిగా నడవండి. బావిలో పడి పోయిన ఆడమనిషి కథకు రెండు మూలాలుంటాయి. ఒకటి నిజంగా జరిగినది. ఇంటిపేరు, వీధి, ఆమె బిడ్డల పేర్లు ముసలివాళ్లు చెప్పగలిగితే అది దెయ్యం కథ కాదు, ఒక ఇంటి దుఃఖం. ఆ ఇంటివాళ్లు ఇప్పటికీ ఊళ్లోనే ఉండొచ్చు. దాన్ని రీలు చేయకండి, బోర్డు మీద రాయకండి. రెండోది బలి కథ. నీళ్లు పడటానికో కట్ట నిలవడానికో కోడలిని అర్పించారనే కథ దేశమంతా ఉంది. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువుకట్ట తెగకుండా తనను తాను ఇచ్చుకున్న ముసలమ్మ కథ మనకు తెలిసిందే. గుజరాత్‌లో వఢ్వాణ్ పట్టణపు మాధావావ్ మీదా కొడుకునూ కోడలినీ నీటికి అర్పించిన పాట ఉంది. ఇలాంటి కథలో మనిషికి పేరు ఉండకపోవచ్చు, కట్టడానికి మాత్రం పేరుంటుంది.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో నీళ్లలో పోయిన ముత్తైదువ ప్రతిచోటా దెయ్యం కాలేదు. చాలా ఊళ్లలో పేరంటాలై పూజలందుకుంటోంది. అందుకే బావి చుట్టూ వంద అడుగుల మేర పొదలు కొట్టేముందు నేలంతా కళ్లతో వెతకండి. చెయ్యెత్తిన స్త్రీ బొమ్మ చెక్కిన పలక, కత్తి పట్టిన వీరుడి రాయి, వరసగా నిలిపిన ఏడు చిన్న రాళ్లు కనిపిస్తే జేసీబీని దూరంగా ఆపెయ్యండి. ఏడు రాళ్లు అక్కదేవతలు. నీళ్లున్నచోట వాళ్లను నిలపడం ఈ ప్రాంతపు ఆనవాయితీ. ఇప్పుడు పసుపు కుంకుమ లేకపోయినా ఆ రాళ్లను జరపబాకండి, అవి ఉన్న చోటే ఆ బావి చరిత్రలో ఒక భాగం.

కథ ఎవరిని రావద్దంటోందో కూడా అడిగి తెలుసుకోండి. కొందరికి ఊరి బావి గట్టు ఎక్కే హక్కే లేని రోజులుండేవి. దెయ్యం భయం ఒక వీధివాళ్లకు మాత్రమే చెప్పి, ఇంకో వీధివాళ్లు అదే బావిలో నీళ్లు చేదుకున్నట్టు బయటపడితే, అది కాపలా కోసం పుట్టిన కథ. ఊరి పెద్దల్ని మాత్రమే అడిగితే ఈ సంగతి రాదు. చాకలివాళ్లను, బావులు తవ్విన వడ్డెరలను, నీళ్లూ పాములూ బాగా తెలిసిన యానాదులను విడివిడిగా అడగండి. వడ్డెరల ఇళ్లలో బావి ఎన్ని మట్ల లోతో, ఊట ఏ వైపో కూడా చెప్పగలరు.

ఇక ఢిల్లీ పోలిక. మీరు చెప్పింది హేలీ రోడ్డులోని అగ్రసేన్ కీ బావలీ. సుమారు 60 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, వందకు పైగా మెట్లు. కట్టడపు తీరు తుగ్లక్, లోదీల కాలానికి దగ్గరగా ఉంటుంది. కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. అందులోని నల్లటి నీరు మనుషుల్ని మత్తులో ముంచి లాగేసుకునేదని కథ. రాజస్థాన్ అభానేరిలో చాంద్ బావడీని, పదమూడు అంతస్తులు, సుమారు 3,500 మెట్లున్నదాన్ని, భూతాలు ఒక్క రాత్రిలో కట్టాయంటారు. అన్ని మెట్లూ ఒకే తీరుగా ఉండటంతో దిగిన దారినే ఎక్కలేరని కూడా చెబుతారు. ఈ కథలు చూడవచ్చినవాళ్లకు చెప్పేవి. అక్కడ ఎవరు పోయారు, ఎప్పుడు, ఏ మెట్టు దగ్గర అంటే జవాబుండదు. మీ ఊరి కథలో వేళ ఉంది, తిథి ఉంది, లెక్క ఉంది. వాడుకలో ఉన్న బావి చుట్టూ పుట్టిన కథ అలాగే ఉంటుంది. అందుకే ఆ రెంటినీ ఒక గాటన కట్టకండి. నల్లనీటి మాట మాత్రం మీకూ పనికొస్తుంది. ఆకు కుళ్లి, ఆక్సిజన్ అయిపోయి, ఇనుము గంధకంతో కలిస్తే నీరు, బురద నల్లబడతాయి. నీరు నల్లగా ఉంటే హైడ్రోజన్ సల్ఫైడ్ ఉండొచ్చని ముందే సిద్ధపడాలి.

మీరు అడగలేదు గానీ లంకెబిందెల కథ కూడా ఈ బావికి అంటుకుని ఉంటుంది. ఉదయగిరి, కనిగిరి దుర్గాల చుట్టుపక్కల ఏ పాత రాతికట్టడానికైనా అది తప్పదు. పిశాచి కాపలా అన్నది విని ఊరివాళ్లు దూరంగా ఉంటే, నిధి ఉందన్నది విని బయటివాళ్లు రాత్రిళ్లు వచ్చి మెట్లు పెకలిస్తారు. మెట్టు రాయి ఒకటి లేచిందంటే దానిపై వరసంతా జారుతుంది. పూడికలో మీకే నాణేలో పాత్రలో దొరికితే, 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ నిధినైనా కలెక్టరుకు తెలియజేయాలి. కాబట్టి తీసిన మట్టిని లారీకెత్తి రోడ్డుకు పొయ్యకండి. ఏ లోతులో తీసిందో రాసి వేరువేరు కుప్పలుగా పోసి, జల్లెడ పట్టి, పెంకులనూ ఇనుప ముక్కలనూ విడివిడి సంచుల్లో ఉంచండి. బావి వయసు తేల్చేవి అవే.

శాసనం ఉందేమో చూడండి. మెట్ల దారికి మొదట్లో నిలువు రాయి మీదా, ద్వారపు దూలం మీదా, నీటి దగ్గరి గూటి మీదా ఉండే అవకాశం ఎక్కువ. ఇనుప బ్రష్షు, యాసిడ్, పెయింటు వద్దు. మంచినీళ్లూ మెత్తటి కొబ్బరిపీచూ చాలు. చీకటి పడ్డాక టార్చిని రాతికి ఆనించినంత పక్కవాటుగా పట్టి, నాలుగు దిక్కులనుంచీ ఫోటోలు తీస్తే పగలు కనిపించని అక్షరాలు లేస్తాయి. నెల్లూరు జిల్లా శాసనాలను బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా అచ్చువేశారు. కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి అప్పుడు నెల్లూరులోనే ఉండేవి కాబట్టి మీ ఊరి పేరు వాటిలో వెతకండి. ప్రకాశం జిల్లా 1970లో గానీ రాలేదు. బావి రక్షిత కట్టడమైతే అనుమతి లేకుండా రాయి కూడా కదపకూడదు. కేంద్రం రక్షణలో ఉన్న వాటికి చుట్టూ 100 మీటర్ల దాకా కొత్త నిర్మాణం నిషేధం. కాకపోయినా గ్రామసభ తీర్మానం, తహసీల్దారుకు ఒక కాగితం ముందే పెట్టుకోండి.

మరమ్మతులో అందరూ చేసే తప్పు సిమెంటు. సున్నం లేకుండా పేర్చిన రాతి గోడకు సందులే ప్రాణం. వెనక ఊట ఆ సందుల్లోంచే లోపలికి వస్తుంది. వాటిని సిమెంటుతో పూడిస్తే నీరు గోడ వెనక నిలిచి గోడనే తోసేస్తుంది. సున్నంతో కట్టిన భాగాన్ని గానుగ సున్నంతోనే, ఒక పాలు సున్నానికి రెండున్నర మూడు పాళ్ల ఇసుకతో, కరక్కాయ బెల్లం నీళ్లతో కలిపి మాట్లు వేయించండి. గోడలో మొలిచిన రావి, జువ్వి చెట్లను పీకకండి. వేరుతోబాటు రాళ్లు ఊడి వస్తాయి. గోడ మట్టానికి కోసి, మళ్లీ చిగురిస్తే మళ్లీ కోయండి. జేసీబీ బావి ఎంత లోతో కనీసం అంత దూరంలో నిలవాలి. గూళ్లలో పెద్ద తేనెపట్టు ఉంటే దాని సంగతి తెలిసినవాళ్లతో తీయించాకే చప్పుడు మొదలుపెట్టండి.

ఊళ్లో ఎవరో ఒకరు స్లాబు వేసి మూసేద్దాం, దెయ్యమూ పోతుంది, స్థలమూ కలిసొస్తుందంటారు. దానికి ఒప్పుకోకండి. 2023 మార్చి 30న, శ్రీరామనవమి నాడు, ఇందోర్‌లో బేలేశ్వర్ మహాదేవ్ గుడిలో పాత మెట్ల బావి మీద వేసిన స్లాబు కూలి 36 మంది చనిపోయారు. కింద బావి ఉందన్న సంగతి జనానికి కనపడకుండా చేయడమే అక్కడి ప్రమాదం. బావి కనపడాలి. మూడున్నర అడుగుల పిట్టగోడ, మెట్ల మొదట్లో తాళమున్న ఇనుప గేటు, గాలి ఆడే జాలీ, గోడకు ఎప్పుడూ వేలాడే ఒక మోకూ గాలి నింపిన ట్యూబూ ఉంటే చాలు. మధ్యాహ్నం తాళం వెయ్యాలని పెద్దలంటే వెయ్యండి.

పనికి ముందు గంగపూజ చేయాలంటే అదీ గట్టు మీదే చేయించండి. కొబ్బరికాయ, పసుపు, పూలతో కానివ్వండి. హారతి మాత్రం మీటరులో మండే వాయువు సున్నా చూపించాకే. పెద్దవాళ్లకు ఆ మీటరునూ చూపించి, అది ఎప్పుడు మోగుతుందో, మోగితే ఏం చేస్తారో విడమరచి చెప్పండి. ముగ్గుర్ని అడుగుతుందని భయపడుతున్నవాళ్లకు, రెండోవాణ్ని దిగనివ్వని ఏర్పాటు కళ్లారా కనపడితే వాళ్లే గట్టు మీద కాపలాకు కూర్చుంటారు.

నీళ్లు తేటపడ్డాక బ్లీచింగ్ వేయాలి. పొడవు, వెడల్పు, నీటి లోతు మీటర్లలో గుణించి వెయ్యితో హెచ్చిస్తే లీటర్లు వస్తాయి. గుండ్రటి బావికి అడ్డకొలతను అడ్డకొలతతోనూ, నీటి లోతుతోనూ గుణించి, దాన్ని 785తో హెచ్చించండి. ప్రతి వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల తాజా బ్లీచింగ్ పొడి. బకెట్టులో కలిపి, సున్నపు మడ్డి అడుక్కు దిగాక పైతేటను చేదలో పోసి, చేదను నీళ్లలో పైకీ కిందికీ ఆడించండి. గంట ఆగాక చూస్తే లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ మిగిలి ఉండాలి, లేకపోతే ఇంకొంచెం వేయండి. తాగడానికి మాత్రం ఇంతటితో ఒప్పుకోకండి. కనిగిరి చుట్టుపక్కల నేలలో ఫ్లోరైడ్ ఎక్కువ, బ్లీచింగ్ దాన్ని పోగొట్టదు, కాచినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీరు పశువులు కడగడానికి, చెట్లకు, బట్టలకే. ప్లాస్టిక్ సీసాను ఆ నీళ్లతోనే మూడుసార్లు తొలిచి, నింపి, గ్రామీణ నీటి సరఫరా శాఖ పరీక్షా కేంద్రానికి పంపండి. వేసవిలో ఒకసారి, వానల తర్వాత ఒకసారి పరీక్ష చేయించాలి, అంకె మారుతుంది.